ఇల్లంతా కలిసి పంచదార తగ్గించుకుందాం

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక ఆదివారం ఉదయం కాలనీ కుటుంబాలు, వాకింగ్‌కు వచ్చినవాళ్ళు కలిసి కూర్చున్నప్పుడు ఒక పోషకాహార సలహాదారు చేసిన ప్రసంగం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలూ జవాబులూ కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

సెలవు రోజు పొద్దున్నే వచ్చారు. కొందరు బీచ్ రోడ్డులో నడక ముగించుకుని అట్నుంచి అటే వచ్చారు. మీ టైమ్ వృథా చేయను. ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మీ ఇంట్లోకి నెలకు ఎన్ని కిలోల పంచదార కొంటారు?

(సభలోంచి: "రెండు", "మూడండి", "మాకు ఐదు పడుతుంది, ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నారు")

సరే. ఒక లెక్క వేద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెర మీద మార్గదర్శకాలు ఇచ్చింది. మనం కలుపుకునే పంచదార, బెల్లం, తేనె, పళ్ళరసంలో ఉండే తీపి, ఫ్యాక్టరీలో కలిపి ప్యాకెట్లో వచ్చేది, ఇవన్నీ కలిపి రోజంతా తినే కేలరీల్లో 10 శాతం దాటకూడదని చెప్పింది. 5 శాతం లోపుకు తగ్గించుకుంటే ఇంకా మేలని కూడా చెప్పింది. 5 శాతం అంటే పెద్దవాళ్ళకు రోజుకు దాదాపు 25 గ్రాములు. టీ చెంచాతో ఆరు చెంచాలు. నలుగురున్న ఇంటికి రోజుకు 100 గ్రాములు, నెలకు 3 కిలోలు.

కానీ బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, స్వీట్ షాపు డబ్బాలు, పెళ్ళి భోజనాలు, పిల్లల చాక్లెట్లు, బయట తాగే టీలు అన్నీ ఆ 3 కిలోల్లోనే సర్దుకోవాలి. కాబట్టి నలుగురికి మూడు కిలోలు కొని ఇంట్లోనే వాడేస్తున్నవాళ్ళు బయట ఏమీ తినకముందే ఆ గీత మీద నిలబడి ఉన్నారు. ఐదు కిలోలు అన్నావిడ కంగారు పడకండమ్మా, మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారో దాన్నిబట్టి లెక్క మారుతుంది. ఇంటికెళ్ళి మీరే వేసుకోండి.

మనిషిని అడగకుండా ఇంటిని ఎందుకు అడిగానో చెప్తాను. డైట్ సలహా కోసం నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా ఒంటరిగానే వస్తారు. చేతిలో రిపోర్టు, ముఖంలో టెన్షన్. "ఇవాళ్టి నుంచి పంచదార ముట్టనండి" అంటారు. మనస్ఫూర్తిగానే అంటారు. ఇంటికి వెళ్తే పంచదార డబ్బా స్టవ్ పక్కన ఎప్పుడూ ఉండేచోటే ఉంటుంది. టీ అందరికీ ఒకే గిన్నెలో కాస్తారు, పంచదార ఆ గిన్నెలోనే పడుతుంది. ఒక్కరికి వేరే కాయాలంటే వంటింట్లో ఉన్నవాళ్ళకు ఇంకో పని. రెండు రోజులు కాస్తారు. మూడో రోజు చుట్టాలు వస్తారు, "ఈ ఒక్కసారికీ ఇదే తాగేయండి" అంటారు. నెల తిరిగేసరికి అంతా మొదటికి వస్తుంది. అప్పుడు ఆ మనిషి తనకు మనోనిగ్రహం లేదనుకుని తనను తనే తిట్టుకుంటాడు. ఇంటి పద్ధతి మారకుండా ఒక్క మనిషి మారడం చాలా కష్టం. రిపోర్టు ఒకరి పేరు మీద వచ్చినా పంచదార తగ్గించుకోవాల్సింది ఇల్లంతా. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా దానికి వివరమే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇంటాయనకు షుగర్ వస్తే వంట మారుతుంది. ఆయనకు పుల్కాలు, ఆయనకు వేరే కూర. ఇంటావిడకు వస్తే ఏమీ మారదు. ఆవిడ అందరికీ వడ్డించి, గిన్నెలో మిగిలిన అన్నం పారేయలేక తనే తినేసి, మాత్ర వేసుకుంటుంది. పిల్లలు వదిలేసిన స్వీటు కూడా ఆవిడే తింటుంది. ఇది ఎన్నో ఇళ్ళలో చూశాను, చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది. ఇక్కడున్న మగవాళ్ళూ, పెద్ద పిల్లలూ ఈ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి.

ఇక టీ దగ్గరికి వద్దాం, ఎక్కువ పంచదార అక్కడే పోతోంది కాబట్టి. మన ఊళ్ళో టీ లేని గంట ఉండదు. పొద్దున్న నడక అయ్యాక ఒకటి, ఆఫీసులో పదకొండింటికి ఒకటి, సాయంత్రం ఒకటి. గాజువాక వైపు షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్ళకూ, పోర్టులో పనిచేసేవాళ్ళకూ రాత్రిళ్ళు కూడా ఉంటుంది. చెంచా అంచుకు సమంగా తీస్తే 4 గ్రాములు, కుప్పగా తీస్తే ఇంకా ఎక్కువ. కప్పుకు రెండు చెంచాల చొప్పున రోజుకు నాలుగు టీలంటే 32 గ్రాములు. ఏడాదికి 11 కిలోల పైమాటే. అది ఎవరూ మిఠాయి కింద లెక్కపెట్టరు. "నేను స్వీట్లు తిననండి" అని నాతో గట్టిగా చెప్పినవాళ్ళలో చాలామంది ఇలా తాగేవాళ్ళే.

దీనికి నేను చెప్పే ఉపాయం చిన్నది. పంచదారను గిన్నెలోంచి బయటికి తీయండి. టీ పంచదార లేకుండా కాయండి. పంచదార చిన్న సీసాలో పోసి, అందులో చిన్న చెంచా వేసి బల్ల మీద పెట్టండి. ఎవరికి కావాలంటే వాళ్ళు తమ కప్పులో వేసుకుంటారు. చాలామంది అలవాటుగా తాగిన రెండు చెంచాలు తమ చేత్తో వేసుకునేటప్పుడు ఒకటిన్నర దగ్గర ఆగిపోతారు. షుగర్ ఉన్నవాళ్ళకు విడిగా కాయాల్సిన పనీ తప్పుతుంది. ఆ తర్వాత పది రోజులకోసారి అర చెంచా తగ్గించండి. ఒక్కసారిగా మానేస్తే కొందరికి తలనొప్పి, చిరాకు వస్తాయి. మెల్లగా తగ్గిస్తే నాలుక సర్దుకుంటుంది. ఒకటి రెండు నెలలు పోయాక పాత టీ ఎవరైనా ఇస్తే పాకంలా ఉందని మీరే పక్కన పెడతారు. అల్లం కొంచెం ఎక్కువ దంచి వేయండి, యాలక్కాయ వేయండి, డికాక్షన్ చిక్కగా మరగనివ్వండి. రుచి ఉన్న టీకి తీపి తక్కువైనా లోటు తెలియదు.

మరి మర్యాద సంగతి? మనవైపు ఎవరింటికైనా వెళ్ళి టీ వద్దంటే "టీ తాగకుండా ఎళ్ళిపోతారేటండీ" అంటారు. అందులో ప్రేమ ఉంది, కాదనలేం. పండగ నాడు మూడిళ్ళకు వెళ్తే మూడు టీలు, మూడు స్వీట్లు. వద్దన్నవాళ్ళను చిన్నబుచ్చడం మానేద్దాం. ఇంటికి వచ్చినవాళ్ళను "పంచదార ఎంత వేయమంటారు?" అని ముందే అడుగుదాం. పల్చటి మజ్జిగ ఇవ్వచ్చు, ఉడికించిన వేరుశెనక్కాయలు పెట్టచ్చు, వేయించిన సెనగలు పెట్టచ్చు. మర్యాదకు ఏమీ తక్కువ కాదు. వాళ్ళింట్లో షుగర్ ఉన్నవాళ్ళుంటే, అడిగినందుకు వాళ్ళు ఎంత సంతోషిస్తారో చూడండి.

ఒంట్లో ఏం జరుగుతుందో క్లుప్తంగా చెప్తాను. పంచదారలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. గ్లూకోజ్ రక్తంలోకి చేరుతుంది, దాన్ని కణాల్లోకి పంపడానికి క్లోమం ఇన్సులిన్ విడుదల చేస్తుంది. ఫ్రక్టోజ్ ఎక్కువగా కాలేయానికి వెళ్తుంది. అవసరానికి మించి రోజూ వెళ్తుంటే కాలేయం దాన్ని కొవ్వుగా మారుస్తుంది. మద్యం ముట్టనివాళ్ళకు కూడా స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. కాలేయంలో, పొట్ట చుట్టూ కొవ్వు పెరిగితే ఇన్సులిన్ మాట కణాలు సరిగ్గా వినవు. క్లోమం ఇంకా ఎక్కువ పనిచేస్తుంది, కొన్నేళ్ళకు అలసిపోతుంది. మన భారతీయులకు ఇది చూడ్డానికి సన్నగా ఉన్నప్పుడే మొదలవుతుంది. అందుకే బరువుతో పాటు నడుం చుట్టుకొలత కూడా చూసుకోవాలి. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే జాగ్రత్త పడాలి. టైలర్ టేపు చాలు, ఆస్పత్రికి వెళ్ళక్కర్లేదు.

పంచదార ఒక్కటే షుగర్ జబ్బు తెస్తుందని నేను అనడం లేదు. వంశంలో ఉండటం, బరువు, నడక లేకపోవడం, నిద్ర చాలకపోవడం, తెల్లన్నం మోతాదు, అన్నీ ఉంటాయి. వంశాన్ని మార్చుకోలేం. పంచదార మన చేతిలో ఉంది.

2023లో భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైనేనని అంచనా వేశారు. షుగర్ అంచున ఉన్నవాళ్ళు, అంటే ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్ళు, 13 కోట్ల 60 లక్షలు. నాకు ఈ రెండో అంకె ముఖ్యం. వీళ్ళలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు, పరీక్ష చేయించుకుంటే తప్ప తెలియదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 5.7 కంటే తక్కువ ఉంటే మామూలు. 5.7 నుంచి 6.4 వరకు అంచు. 6.5, ఆపైన ఉంటే షుగర్.

అంచున ఉన్నవాళ్ళు వెనక్కి రాగలరా? చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ఇదే పరీక్షించి 2006లో ప్రచురించింది. అంచున ఉన్న 531 మందిని తీసుకున్నారు. మామూలు సలహాతో వదిలేసినవాళ్ళలో మూడేళ్ళకు 55 శాతం మందికి షుగర్ వచ్చింది. పంచదార, మైదా లాంటివి తగ్గించి రోజూ నడిచినవాళ్ళలో 39 శాతం మందికి వచ్చింది. అందరూ తప్పించుకున్నారా అంటే లేదు. కానీ ఆ తేడా చూడండి. వాళ్ళు తిన్నది మన ఇంట్లో దొరికే తిండే, చేసింది మనం చేయగలిగిన నడకే. ఆ నడక మీరు ఇప్పటికే నడుస్తున్నారు. నడిచొచ్చి తీపి టీతో రెండు క్రీమ్ బిస్కెట్లు తింటే మాత్రం ఆ కష్టంలో చాలా భాగం అక్కడే పోతుంది.

బిస్కెట్లంటే గుర్తొచ్చింది, ప్యాకెట్ల గురించి కొంచెం ఎక్కువసేపు చెప్తాను. ఇక్కడే ఎక్కువ మోసపోతున్నాం.

ప్యాకెట్ ముందు వైపు చదవకండి. ముందు వైపు బొమ్మలుంటాయి, గోధుమ వెన్నులుంటాయి, పరిగెత్తే పిల్లలుంటారు. వెనక్కి తిప్పండి. వాడిన పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలని నియమం. పంచదార రెండోదో మూడోదో అయితే అది మిఠాయే, పేరు ఏదైనా కానీ. దాని కింద పట్టికలో 'యాడెడ్ షుగర్స్' అని విడిగా ఉంటుంది, 100 గ్రాములకు ఎంతో రాస్తారు. మామూలు గ్లూకోజ్ బిస్కెట్లలో 100 గ్రాములకు పాతిక గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. టమాటా సాస్‌లోనూ ఇంచుమించు అంతే. కూల్‌డ్రింక్ 100 మిల్లీలీటర్లకు 10, 11 గ్రాములు, అంటే 300 మిల్లీలీటర్ల సీసా తాగితే ఆ పూటతో రోజు కోటా దాటిపోయింది. చక్కెరకు లేబుల్ మీద వేరే పేర్లు కూడా ఉంటాయి: ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్ట్రోస్. మాల్టోడెక్స్ట్రిన్ అని ఉంటుంది, అది తియ్యగా లేకపోయినా రక్తంలో గ్లూకోజ్‌ను గబగబా పెంచుతుంది.

పిల్లల పాలల్లో కలిపే పొడులు చూడండి. ఎత్తు పెరుగుతారనీ చురుగ్గా ఉంటారనీ ఏళ్ళ తరబడి నమ్మి కొన్నాం. కొన్నింటిలో 100 గ్రాముల పొడికి 30 గ్రాములు దాటి చక్కెరే ఉంటుంది. ఇలాంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్' విభాగంలో పెట్టి అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పాల్సి వచ్చింది. అదే ఏడాది జూన్‌లో, ప్యాకెట్ జ్యూసుల మీద '100 శాతం పళ్ళరసం' అన్న మాట తీసేయమని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది.

ఇంకొకటి మన తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోవాల్సిన విషయం. విరేచనాలైన పిల్లలకు ఇచ్చే ఓఆర్ఎస్‌లో లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, ఇంకొన్ని లవణాలు కొలత ప్రకారం ఉండాలి. మార్కెట్లో మాత్రం అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న తీపి డ్రింకులు పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని మెడికల్ షాపుల్లోనే అమ్ముడయ్యాయి. అంత చక్కెర పేగుల్లోకి వెళ్తే నీటిని లోపలికి లాగి విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, సరైన ఫార్ములా లేని డ్రింకులకు ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. ఒక్క మనిషి పట్టు వదలకపోతే ఎంత పని జరుగుతుందో చూడండి. మీరు కూడా షాపులో అడిగి, ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి తీసుకోండి.

పిల్లల విషయంలో నాకు బాగా నచ్చిన పరిశోధన ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కూడా బ్రిటన్‌లో చక్కెరకు రేషన్ ఉండేది, 1953 సెప్టెంబరులో ఎత్తేశారు. ఎత్తేయగానే జనం తినే చక్కెర ఇంచుమించు రెట్టింపైంది. రేషన్ ఉన్న కాలంలో తల్లి కడుపులో పడి పసితనం గడిపినవాళ్ళనూ, ఆ తర్వాత పుట్టినవాళ్ళనూ పోల్చి చూశారు. 2024లో ఫలితాలు ప్రచురించారు. మొదటివాళ్ళకు పెద్దయ్యాక షుగర్ వచ్చే అవకాశం 35 శాతం దాకా, బీపీ వచ్చే అవకాశం 20 శాతం దాకా తక్కువగా కనిపించింది. కడుపులో ఉన్నప్పటి నుంచి రెండేళ్ళ వయసు వరకు, ఆ వెయ్యి రోజులూ అంత విలువైనవి. కాబట్టి రెండేళ్ళ లోపు పిల్లల ఉగ్గులో, పాలల్లో, జావలో పంచదార కలపొద్దు. వాళ్ళు తీపి కావాలని అడగరు, మనమే అలవాటు చేస్తాం. అమ్మమ్మలూ నాయనమ్మలూ, మీ ప్రేమను నేను తప్పుపట్టను. అరటిపండు మెదిపి పెట్టండి, అది వాళ్ళకు చాలినంత తియ్యగా ఉంటుంది.

ఇవన్నీ తీసేస్తే మరి తినేదేమిటి అంటారు. విశాఖలో ఉండి ఆ ప్రశ్న అడగాల్సిన పనే లేదు. ఇక్కడే మన కాలనీలో రైతుబజారు ఉంది. తోటకూర, గోంగూర, బచ్చలి, మునక్కాడలు, ఆనపకాయ, బీర, ఏ రోజు వెళ్ళినా దొరుకుతాయి. చింతపల్లి, అరకు వైపు పండే రాజ్మా ఉంది. ఏజెన్సీ నుంచి సామలు వస్తాయి. చోళ్ళు, అంటే రాగులు, ఉన్నాయి. 100 గ్రాముల చోళ్ళలో కాల్షియం 360 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, తెల్లబియ్యంలో 10 కూడా ఉండదు. పీచు చోళ్ళలో 11 గ్రాములు, బియ్యంలో 3 లోపే. మన పెద్దవాళ్ళు చోడి అంబలి తాగి పొలం పనికి వెళ్ళింది ఊరికే కాదు.

అయితే ఒక జాగ్రత్త. చోడి పిండిని పల్చటి జావ కాచి, అందులో రెండు చెంచాల బెల్లం వేసి తాగితే షుగర్ ఉన్నవాళ్ళకు లాభం లేదు. మెత్తగా పిండిపట్టి ఉడికించి పల్చగా తాగితే గ్లూకోజ్ త్వరగా పెరుగుతుంది. దానికంటే చోడి రొట్టె ఉల్లిపాయ, మునగాకు వేసి కాల్చుకోండి, సంకటి చేసుకుని పప్పుతోనో చేపల పులుసుతోనో తినండి. అంబలి తాగాలనిపిస్తే మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ వేసుకుని, పక్కన గుప్పెడు సెనగలు పెట్టుకోండి.

సముద్రం పక్కన ఉన్నాం. వంజరం, చందువ కొనాలంటే జేబు చూసుకోవాలి. కానీ ఫిషింగ్ హార్బర్‌లో కవ్వళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు చవకగా దొరుకుతాయి. గుండెకు మంచిదని కొనుక్కుని మింగే ఒమేగా-3 గుళికల్లో ఉండే కొవ్వు కవ్వళ్ళలోనే ఉంది. నెత్తళ్ళు ముల్లుతో సహా తింటాం కాబట్టి కాల్షియం కూడా వస్తుంది. పులుసు పెట్టుకోండి, నూనెలో ముంచి వేయించకండి. మాంసాహారం తిననివాళ్ళకు పెసరట్టు ఉంది, ఉలవచారు ఉంది, గుగ్గిళ్ళు ఉన్నాయి. సాయంత్రం బీచ్‌కి వెళ్తే మురీ మిక్చర్, అంటే మరమరాల మిక్చర్, తినండి, నేనూ తింటాను. ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం, పల్లీలు ఎక్కువ వేయించుకోండి. ఐస్‌క్రీమ్ కంటే, కూల్‌డ్రింక్ కంటే వంద రెట్లు నయం.

అన్నం మానమని అడగను. మానరు కూడా. కంచంలో ముందు కూర, పప్పు వడ్డించుకోండి, కంచంలో సగం కూరలే ఉండాలి. ముందు కొంచెం కూర, పప్పు తిని తర్వాత అన్నం కలుపుకుంటే గ్లూకోజ్ నెమ్మదిగా పెరుగుతుంది. అన్నం కూడా సహజంగా తగ్గుతుంది.

పండగ మాటకొస్తే, సంక్రాంతికి అరిసె తినండి. సింహాచలం అప్పన్న ప్రసాదం కళ్ళకద్దుకుని తినండి. ఎవరైనా మాడుగుల హల్వా తెస్తే ఒక ముక్క తీసుకుని ఆస్వాదించి తినండి. ఏడాదికి కొన్నిసార్లు తినే మిఠాయి గురించి నాకు దిగులు లేదు. రోజూ తెలియకుండా పోతున్న ఆ చెంచాల గురించే నా దిగులంతా. ఇంటికి స్వీటు డబ్బా వస్తే ఆ రోజే పంచేయండి. ఫ్రిజ్‌లో పెడితే అది వారం రోజులు పిలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

(ఒక పెద్దాయన: "మాది అనకాపల్లి అండి. పంచదార మానేసి బెల్లం వాడుతున్నాం. మంచిదేనా?")

మాస్టారూ, అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోనే పేరున్నది, ఆ రైతుల కష్టం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఉన్నమాట చెప్పాలి. బెల్లంలో కూడా ఎక్కువ భాగం అదే చక్కెర. 100 గ్రాముల పంచదారలో 400 కేలరీలుంటే బెల్లంలో 380 దాకా ఉంటాయి. కొద్దిగా ఇనుము, కొన్ని ఖనిజాలు ఉంటాయి. ఆ ఇనుము కోసం తినాలంటే చాలా బెల్లం తినాలి, దానికంటే తోటకూర మేలు. ఇష్టమైతే పంచదార బదులు వాడుకోండి, కానీ ఆ ఆరు చెంచాల లెక్కలోనే వేసుకోండి. తేనె కూడా అంతే. ఆరోగ్యమని రెండు చెంచాలు ఎక్కువ వేసుకుంటేనే నష్టం.

(ఒకావిడ: "షుగర్‌ఫ్రీ మాత్రలు టీలో వేసుకోవచ్చా?")

బరువు తగ్గడానికి వాటిమీద ఆధారపడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ సలహా ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్ళను మినహాయించి ఇచ్చింది. మీకు షుగర్ ఉంటే మీ డాక్టరుతో మాట్లాడి కొన్నాళ్ళు వాడుకోవచ్చు. కానీ అవి వాడితే నాలుకకు అదే తీపి అలవాటు ఉండిపోతుంది. నా సలహా అయితే తీపినే తగ్గించుకోమని.

(ఒక యువకుడు: "పళ్ళు తినచ్చా మేడమ్? మా నాన్నగారు మామిడిపండు కూడా మానేశారు.")

పండు తినాలి బాబూ, జ్యూస్ తాగకూడదు. పండులో పీచు ఉంటుంది, నమిలి తినడానికి టైమ్ పడుతుంది. జ్యూస్ తీస్తే మూడు నాలుగు బత్తాయిల తీపి ఒక్క గుక్కలో లోపలికి వెళ్తుంది. నాన్నగారికి షుగర్ అదుపులో ఉంటే మామిడిపండు చిన్న ముక్కలు రెండు మూడు తినచ్చు. అన్నం తిన్న వెంటనే వద్దు, ఆ పూట అన్నం కొంచెం తగ్గించి తినమనండి. జామకాయ, బొప్పాయి, నేరేడు ఎప్పుడైనా తినచ్చు.

ఆయన మందులు వాడుతుంటే ఒక ముఖ్యమైన సంగతి. ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్ళు తిండి ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. చెమట, వణుకు, గుండెదడ, తికమక వస్తే పరీక్షించి చూడండి. 70 కంటే తక్కువ ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వండి, పావుగంటకు మళ్ళీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. తిండి మార్చే ముందు మందుల మోతాదు గురించి డాక్టరును అడగాలి. ఇది నిర్లక్ష్యం చేయొద్దు.

(వెనక నుంచి ఒకావిడ: "మా అత్తగారు వినరండి. ఎనభై ఏళ్ళు. టీలో పంచదార లేకపోతే తాగరు.")

ఆవిడతో గొడవ పెట్టుకోకండమ్మా. ఆ వయసులో ఆకలి తగ్గకుండా, బరువు తగ్గకుండా చూడటం ముఖ్యం. ఆవిడ టీ ఆవిడను తాగనివ్వండి, కప్పు కొంచెం చిన్నది చేయండి. మిగతా ఇంట్లోవాళ్ళు తగ్గించండి. చాలా ఇళ్ళలో అందరూ తగ్గించాక పెద్దవాళ్ళు కూడా వాళ్ళంతట వాళ్ళే తగ్గించడం నేను చూశాను.

(ఒక తల్లి: "బడిలో పుట్టినరోజు అంటే చాక్లెట్లే పంచుతారు. ఏం చేయాలి?")

2025 మేలో సీబీఎస్ఈ తన బడులన్నింటినీ షుగర్ బోర్డులు పెట్టమంది. ఏ తినుబండారంలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు కనిపించేలా రాసి పెట్టాలి. మీ బడిలో ఉందో లేదో పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి, లేకపోతే పెట్టించండి. పుట్టినరోజుకు పెన్సిళ్ళు పంచచ్చు, మొక్కలు ఇవ్వచ్చు, పల్లీ ఉండలు చిన్నవి ఇవ్వచ్చు. నలుగురు తల్లులు మాట్లాడుకుని ఒకే మాట మీద ఉంటే క్లాసంతా మారుతుంది. ఒక్క పిల్లాడికే చాక్లెట్ వద్దంటే వాడు ఏడుస్తాడు, అది న్యాయం కూడా కాదు.

ఇంకా అడగాల్సినవాళ్ళు ఉన్నారని తెలుసు. రిపోర్టులు తెచ్చుకున్నవాళ్ళు ఇక్కడే ఉండండి, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాను. బయట బల్ల మీద చోడి అంబలి, గుగ్గిళ్ళు, అల్లం టీ పెట్టారు. పంచదార సీసా విడిగా ఉంది.